వర్జీనియా ఆకు వెనక మనుషులు

ఒంగోలు, కందుకూరు, పొదిలి వైపు ఏ ఊళ్ళో ఆగినా ‘ఈ ఏడు వర్జీనియా ఎంత వేశావు’ అన్న మాట చెవిన పడుతుంది. జంగారెడ్డిగూడెం దగ్గరా అంతే. బ్యారన్‌లో మంట పెట్టి ఆరబెట్టే ఈ పొగాకుకు ఆ పేరు మనం పెట్టింది కాదు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు అట్లాంటిక్ అవతలి ఒడ్డున పాతుకున్న నేల పేరు వర్జీనియా. ఆ వలస బతికింది పొగాకు మీద, పొగాకు బతికింది కూలీల మీద. మొదటి డెబ్బై ఏళ్ళ పాటు ఆ కూలీల్లో ఎక్కువమంది ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చినవాళ్ళు కారు. ఇంగ్లండు పల్లెల నుంచి, లండన్ సందుల నుంచి ఒక కాగితం మీద సంతకమో, చదువు రాకపోతే ఒక గీతో పెట్టి ఓడ ఎక్కిన పేద యువకులు.

వాళ్ళ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు. అయినా తెలుగువాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన కథ అది. ఎందుకంటే ఆ కాగితమే రెండు వందల ఏళ్ళ తర్వాత మన కోరంగి రేవుకు, మద్రాసు రేవుకు వచ్చింది.

ముందు కాగితం సంగతి చూద్దాం. దానిని ‘ఇండెంచర్’ అనేవారు. ఒకే తోలుకాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, రెండింటి మధ్య రంపపు పళ్ళలాగా వంకరటింకరగా కోసేవారు. ఒక ముక్క యజమానికి, ఒక ముక్క కూలీకి. తగవు వస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, పన్నుకు పన్ను కలిసిందో లేదో చూసేవారు. ఆ పేరులో ఉన్నది లాటిన్‌లో పంటికి ఉన్న మాటే, మన ‘దంతం’కు దూరపు చుట్టం. మోసం జరక్కుండా కనిపెట్టిన పద్ధతి అది. కూలీ దగ్గర తన ముక్క ఉన్నంతవరకూ యజమాని ఏళ్ళు పెంచి చెప్పలేడు. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒప్పందం మాటల్లో సులువుగా ఉండేది. నీ దగ్గర ఓడ టికెట్టుకు డబ్బు లేదు, నేను పెట్టుకుంటాను. బదులుగా నాలుగు నుంచి ఏడేళ్ళు నేను చెప్పిన పని చెయ్యి. తిండి, బట్ట, నీడ నేనిస్తాను. జీతం ఉండదు. గడువు తీరిన రోజున నువ్వు స్వేచ్ఛా మనిషివి. అప్పట్లో ప్రయాణపు ఖర్చు ఒకరికి సుమారు 6 పౌండ్లు. ఇంగ్లండులో పొలం పని చేసుకునేవాడు అంత మొత్తం ఒక్కసారి కళ్ళజూడటమే కష్టం.

ఎందుకు ఒప్పుకున్నారని అడిగితే జవాబు ఇంగ్లండులోనే ఉంది. 1550 ప్రాంతంలో అక్కడ జనాభా సుమారు 30 లక్షలు, నూరేళ్ళలో 50 లక్షలు దాటింది. తిండిగింజల ధరలు పెరిగాయి, కూలి ఆ దారిన పెరగలేదు. ఊరి ఉమ్మడి బీళ్ళకు కంచెలు వేసి గొర్రెలు మేపుకున్నారు భూస్వాములు. భూమి పోయినవాడు ఊరు విడిచాడు, పని దొరక్కపోతే దిమ్మరి అని కొరడా దెబ్బలు తిన్నాడు. అలాంటివాడికి రేవు దగ్గర ఒక దళారి రొట్టె, ఒక గ్లాసు బీరు ఇచ్చి, అవతల నేల బంగారమని చెబితే కాదనే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఆకలి పెట్టించిన సంతకాన్ని ఇష్టపడి చేసిన సంతకంగా లెక్కవేయడం అప్పుడూ అన్యాయమే, ఇప్పుడూ అన్యాయమే.

అందరూ సంతకం చేసి వెళ్ళలేదు కూడా. 1619 ప్రాంతంలో లండన్ నగరపాలకులు వీధుల్లో తిరిగే అనాథ పిల్లల్ని నూరేసి మంది చొప్పున పోగుచేసి వర్జీనియాకు పంపారు. రేవుల్లో పిల్లల్నీ తాగినవాళ్ళనీ మాయచేసి ఓడలోకి ఎక్కించేవాళ్ళని జనం ‘స్పిరిట్లు’ అనేవారు. దయ్యంలా వచ్చి మనిషిని మాయం చేస్తారని. ఇంగ్లీషులో ‘కిడ్నాప్’ అన్న మాట పుట్టింది ఈ వ్యాపారం నుంచే. ఈ ఎత్తుకుపోవడాలను ఆపాలని బ్రిస్టల్ నగరం 1654లో వెళ్ళే ప్రతి కూలీ పేరూ రాయించడం మొదలుపెట్టింది. 1686 వరకు సాగిన ఆ చిట్టాల్లో పది వేల పైచిలుకు పేర్లున్నాయి.

దొరలకు వీళ్ళు ఎందుకంత అవసరమయ్యారో చెప్పాలంటే భూమి లెక్క చెప్పాలి. 1607లో జేమ్స్‌టౌన్ దగ్గర దిగిన వర్జీనియా కంపెనీ మనుషులు బంగారం కోసం వెతికి ఆకలితో చచ్చారు. 1609-10 చలికాలంలో ఊరు ఊరంతా ఎలుకల్ని, తోలు చెప్పుల్ని తిన్నది. 1612లో జాన్ రాల్ఫ్ అనే ఆయన వెస్టిండీస్ రకం పొగాకు నాటి, లండన్ మార్కెట్టుకు నచ్చే ఆకు తీశాడు. దానితో దశ తిరిగింది. భూమి కావలసినంత ఉంది. అది అక్కడి ఆదివాసులైన పౌహాటన్ తెగల భూమి అన్న సంగతిని వలసదారులు లెక్కలోకి తీసుకోలేదు. లేనిది చేతులు. అందుకని 1618లో కంపెనీ ఒక రూలు పెట్టింది. ఎవరైనా ఒక మనిషిని తన ఖర్చుతో ఓడలో తెస్తే తెచ్చినవాడికి తలకు 50 ఎకరాలు. గమనించండి, వచ్చిన కూలీకి కాదు, తెచ్చిన దొరకు. పదిమందిని తెస్తే 500 ఎకరాలు, పైగా వాటిని దున్నడానికి పదిమంది జీతంలేని మనుషులు. కూలీ ఏడాదిలో చచ్చిపోయినా ఆ 50 ఎకరాలు ఎక్కడికీ పోవు. మనిషి బతికుండటం కంటే మనిషి దిగడమే దొరకు లాభమయ్యే రూలు ఇది. తర్వాత జరిగిన ఘోరాల్లో సగానికి వేరు ఇక్కడుంది.

ఓడ ప్రయాణం రెండు నుంచి మూడు నెలలు. దిగిన తర్వాత చాలామందిని ఓడ మీదే నిలబెట్టి అమ్మేవారు. కాగితం చేతులు మారవచ్చు కనుక, దానితోపాటు మనిషీ చేతులు మారాడు. ఇంగ్లండులో కూడా పాలేర్లు ఏడాది కరారుకు ఉండేవారు గానీ అక్కడ పాలేరును ఇంకొకడికి అమ్మే హక్కు యజమానికి లేదు. ఆ హక్కు అట్లాంటిక్ దాటాక పుట్టింది. మగవాళ్ళనీ పిల్లల్నీ కొని అమ్ముతున్నారని 1619 నాటికే జాన్ రాల్ఫ్ స్వయంగా రాశాడు. 1630లలో అటు వెళ్ళిన డి వ్రీస్ అనే డచ్చి నావికుడు, దొరలు పేకాటలో తమ కూలీలను పందెం కాయడం చూసి, ఇంత ఘోరం ఇంకెక్కడా చూడలేదని వాళ్ళ ముఖానే అన్నాడట.

ఇక వాళ్ళలో ఒకడి దగ్గర కాసేపు ఆగుదాం. పేరు రిచర్డ్ ఫ్రెథార్న్. జేమ్స్ నది ఒడ్డున మార్టిన్స్ హండ్రెడ్ అనే తోటలో కూలీ. 1623 మార్చి, ఏప్రిల్ నెలల్లో అమ్మానాన్నలకు రాసిన ఉత్తరం నేటికీ మిగిలింది. కూలీల సొంత మాటల్లో మనకు చేరినవి అతి తక్కువ కనుక ఆ ఉత్తరం విలువ ఇంతని చెప్పలేం.

అతను రాసిన సంగతులు నా మాటల్లో చెబుతాను. దిగిన దగ్గర్నుంచి తిన్నది బఠాణీలూ పల్చటి గంజీ మాత్రమే. పొద్దున మొదలుపెట్టి చీకటిపడే దాకా పని. ఒక రొట్టె నలుగురు పంచుకోవాలి. జింక మాంసం వచ్చిన దగ్గర్నుంచి కళ్ళజూడలేదు, పక్షులున్నాయి గానీ పట్టుకోవడానికి వెళ్ళనివ్వరు. వంటి మీదున్న చింకి బట్టలు, ఒక జత బూట్లు, ఒక టోపీ తప్ప ఏమీ లేదు. ఉన్న ఒక్క పైబట్టను తోటికూలీ దొంగిలించి వెన్నకీ మాంసానికీ అమ్ముకున్నాడు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు గుమ్మం ముందుకు వచ్చిన బిచ్చగాడికి మనం పెట్టింది ఇక్కడ నాకు రోజంతటికీ ఇచ్చేదాని కంటే ఎక్కువ అంటాడు. ఓడల సరుకు దింపడానికి జేమ్స్‌టౌన్ వెళ్ళినప్పుడు రాత్రంతా వానలో కప్పులేని పడవలో పడుకోవాలి. అక్కడ జాక్సన్ అనే తుపాకుల పనివాడూ అతని భార్యా జాలిపడి ఈ కుర్రాడి కోసం ఒక చిన్న గుడిసె కట్టి, కన్నకొడుకులా చూశారని కృతజ్ఞతతో రాశాడు. అంతటి కష్టంలో ఆ ఒక్క మంచిమాట రాయడం మరచిపోని మనసు అది.

ఉత్తరం చివరి వేడుకోలు రెండు. కుదిరితే నా కాగితం తిరిగి కొని నన్ను విడిపించండి. అది చేతకాకపోతే చుట్టాల దగ్గర చందా వేసయినా కొంచెం జున్ను, వెన్న, మాంసం పంపండి. వాటిని అమ్మి వచ్చిన లాభం మీకే పంపుతాను.

అంతకు ఏడాది ముందు, 1622 మార్చి 22న, పౌహాటన్ యోధులు తోటల మీద పడి 347 మందిని చంపారు. తమ భూమి పోతున్నదన్న కోపం అది. అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది మార్టిన్స్ హండ్రెడ్డే. అక్కడ పంటలు పోయాయి, మళ్ళీ దాడి భయం పోలేదు. అలాంటి చోటికి, తిండి ఏర్పాటు లేకుండా, కంపెనీ ఓడల మీద ఓడలు మనుషుల్ని దింపుతూనే ఉంది. 1607 నుంచి వచ్చినవాళ్ళు ఆరు వేలకు తక్కువ ఉండరు, 1625 జనాభా లెక్కలో తేలినవాళ్ళు సుమారు 1,200. ఫ్రెథార్న్ వాళ్ళలో లేడు. 1624 ఫిబ్రవరిలో రాసిన చనిపోయినవాళ్ళ జాబితాలో అతని పేరుంది.

ఆకలి, దాడులు సద్దుమణిగాక కూడా చావు ఆగలేదు. కొత్తగా దిగినవాళ్ళు మొదటి వేసవిని గడిపితే ‘పదునెక్కారు’ అనేవారు, కొత్త కర్రను ఆరబెట్టి పదును చేసినట్టు. మలేరియా, రక్తవిరేచనాలు, టైఫాయిడ్. వేసవిలో నది తగ్గి సముద్రపు ఉప్పు పైకెక్కేది, ఆ నీళ్ళే తాగేవారు. అందుకే కాలు మోపి ఏడాది తిరగని కూలీకి ధర తక్కువ పలికేది, ఒక వేసవి దాటినవాడికి ఎక్కువ. బతుకుతాడో లేదో అన్న అనుమానం కూడా బేరంలో భాగమైంది.

పొగాకు పని మన రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆవగింజ కంటే చిన్న విత్తనాన్ని నారుమళ్ళలో చల్లి, ఆకులు కప్పి కాపాడి, మే నెలలో వాన పడ్డ రోజున నారు పీకి నాటాలి. అయితే అక్కడ నాగలి లేదు. పెద్ద చెట్ల బెరడు చుట్టూ చెక్కి ఎండగట్టి, ఆ మోడుల మధ్యే పారతో మట్టి కుప్పలు పోసేవారు, మొక్కకొక కుప్ప. ఒక్కో కూలీ మీద రెండు మూడు ఎకరాలు, పది వేల మొక్కలు. ప్రతి మొక్కా వేసవి పొడుగునా వంగి చూడాల్సిందే. కలుపు తియ్యాలి, తల తుంచాలి, వారం వారం పిలకలు గిల్లాలి, వేలెడు పొడుగు పచ్చపురుగుల్ని చేత్తో ఏరి నలపాలి. మనలాగా ఆకు ఆకుగా రెలవకుండా మొక్క మొక్కే నరికి, పాకల్లో గాలికి ఆరేసేవారు. తర్వాత ఈనెల నుంచి ఆకు విడదీయడం, పీపాల్లో కూరడం. చలికాలం వస్తే విశ్రాంతి అనుకోకండి, అప్పుడు అడవి కొట్టడం, కంచెకర్రలు చీల్చడం.

ఇవన్నీ అయ్యాక రాత్రి ఇంకో పని ఉండేది. మొక్కజొన్నలు రోట్లో దంచుకోవాలి. పగలంతా పొలంలో వంగిన నడుముతో చీకట్లో రోకలి పట్టుకోవడం కూలీలు అన్నిటికంటే అసహ్యించుకున్న పని. దంచకపోతే మర్నాడు తిండి లేదు. పాలు, మాంసం యజమాని దయ. 1661లో యార్క్ కౌంటీలో కూలీలు తిరగబడాలనుకున్నది రాజ్యం కోసం కాదు, వారానికి మూడుసార్లు మాంసం పెట్టాలన్న వాడుకను దొర ఎగ్గొట్టి మొక్కజొన్నా నీళ్ళూ పెడుతున్నందుకు.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరకు వద్దాం. బానిస జీవితాంతం యజమాని ఆస్తి, కూలీ నాలుగేళ్ళ తర్వాత వెళ్ళిపోతాడు. మనకు వెంటనే తోచేది కూలీ పరిస్థితి మెరుగని. చాలా విషయాల్లో మెరుగే. కానీ గడువు ఉండటమే అతని మీద ఒక కొత్త కత్తి పెట్టింది. ఇంగ్లీషువాళ్ళ ఇంకో వలస అయిన బార్బడోస్ దీవిలో 1647 నుంచి 1650 వరకు ఉన్న రిచర్డ్ లిగన్ అనే ఇంగ్లీషువాడు, 1657లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మాట దాచకుండా రాశాడు. బానిసలు ఎప్పటికీ తమవాళ్ళు కనుక యజమానులు వాళ్ళ ఒంటిని కొంత కాపాడుకునేవారట, కూలీలు ఐదేళ్ళకే తమవాళ్ళు కనుక ఆ ఐదేళ్ళలోనే పిండుకునేవారట. అద్దె ఎడ్లకూ సొంత ఎడ్లకూ తేడా మన రైతులకు తెలియనిదా?

లిగన్ చూసిన కూలీలు దిగిన రోజే తమ గుడిసె తామే కర్రలు, తీగెలు, అరటాకులతో కట్టుకోవాలి. చేతకాకపోతే నేల మీద పడుకోవాలి. పొద్దున ఆరింటికి గంట, పదకొండు దాకా పని, మళ్ళీ ఒంటిగంట నుంచి ఆరు దాకా. వానలో తడిస్తే మార్చుకోవడానికి రెండో బట్ట లేదు. ఎదురు మాట్లాడితే మేస్త్రీ చేతికర్ర తల మీద విరిగేది. ఆ దీవిలో 1649లో కూలీలు తిరుగుబాటుకు పన్నాగం పన్నితే 18 మందిని చంపించారు. తర్వాతి ఏళ్ళలో ఇంగ్లండు సేనాని క్రాంవెల్ సైన్యం చేతిలో ఓడిన ఐరిష్, స్కాటిష్ బందీలను కూడా అక్కడికి తోలారు. ‘బార్బడోస్ చెయ్యడం’ అంటే మనిషిని బలవంతంగా ఓడెక్కించడం అన్న అర్థం ఇంగ్లీషులో కొంతకాలం నడిచింది.

యజమానికి కాలమే సరుకు అయినప్పుడు ఇంకో దారి కూడా కనిపిస్తుంది. గడువును పొడిగించడం. చట్టసభలో కూర్చున్నవాళ్ళూ తోటల యజమానులే కనుక వర్జీనియా చట్టాలన్నీ ఒకే శిక్షను నేర్చుకున్నాయి, ఏళ్ళు కలపడం. జరిమానా కట్టడానికి కూలీ దగ్గర డబ్బు లేదు, ఉన్నది కాలమే. 1643 చట్టం ప్రకారం పారిపోయి దొరికినవాడు ఎన్ని రోజులు పోయాడో దానికి రెట్టింపు పని చెయ్యాలి. రెండోసారి దొరికితే చెంప మీద కాల్చి అక్షరం వేస్తారు. యజమాని ఒప్పుకోకుండా పెళ్ళి చేసుకున్నా ఏళ్ళు పెరుగుతాయి. కాగితం లేకుండా దిగినవాళ్ళకు ‘దేశవాడుక’ అని ఒక లెక్క కట్టారు. ఇరవై దాటినవాళ్ళు నాలుగేళ్ళు, పన్నెండు నుంచి ఇరవై లోపువాళ్ళు ఐదేళ్ళు, పన్నెండు లోపు పిల్లలు ఏడేళ్ళు. తర్వాతి చట్టాలు ఈ లెక్కను ఇంకా పెంచాయి. పంటికోత ముక్క పోగొట్టుకున్నవాడు, ఎత్తుకొచ్చిన పిల్లవాడు, చదవడం రానివాడు ఈ లెక్క కిందికే వచ్చేవారు. వయసు ఎంతో తేల్చేది కోర్టు, కోర్టులో కూర్చునేది మళ్ళీ పొరుగు దొరలే.

ఆడవాళ్ళ మీద ఈ లెక్క ఇంకా క్రూరంగా పనిచేసింది. కూలీల్లో మగవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. ఒంటరి ఆడపిల్ల, యజమాని ఇంట్లోనే పడక, వెళ్ళిపోయే దారి లేదు. గర్భవతి అయితే పనికి నష్టమని రెండేళ్ళు అదనం, లేదా 2,000 పౌన్ల పొగాకు జరిమానా. ఆ పొగాకు ఆమె దగ్గర ఎక్కడుంటుంది? గర్భానికి కారణం యజమానే అయితే? 1662లో ఆ ప్రశ్నకు చట్టసభ ఇచ్చిన జవాబు చదివితే రక్తం మరుగుతుంది. యజమానికే ఆ రెండేళ్ళూ ఇస్తే ఏళ్ళ కోసమే దొరలు పాడుచేస్తారని ఒప్పుకున్నారు. అందుకని గడువు తీరాక ఆమెను చర్చి పెద్దలు ఇంకొకరికి రెండేళ్ళకు అమ్మి, ఆ పొగాకును ఊరి ఖర్చుకు వాడుకోవాలన్నారు. తప్పు చేసిన మగవాడికి ఆ చట్టంలో పడిన శిక్ష అతనికి రావాల్సిన లాభం పోవడం ఒక్కటే.

ఇక్కడ ఒక జాగ్రత్త మాట. ఈ తెల్లవాళ్ళ కష్టాలను చూపించి, నల్లజాతి బానిసత్వం అంత ప్రత్యేకమేమీ కాదని వాదించేవాళ్ళు ఉన్నారు. ‘ఐరిష్ బానిసలు’ అన్న మాట ఆ వాదంలోదే. అది నిజం కాదు. కూలీకి గడువు ఉంది, కోర్టుకెక్కే హక్కు ఉంది, కొందరు గెలిచారు కూడా. అన్నిటికంటే ముఖ్యం, కూలీ బిడ్డ కూలీగా పుట్టదు. బానిస తల్లి బిడ్డ బానిసే అని వర్జీనియా 1662లో, అదే చట్టసభలో, రాసుకుంది. ఈ రెండు దారులూ ఎక్కడ విడిపోయాయో చూపించే కేసు ఒకటుంది. 1640లో ముగ్గురు కూలీలు ఒకే దొర దగ్గర నుంచి పక్క వలస మేరీలాండుకు పారిపోయి దొరికారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాటిష్, మూడోవాడు జాన్ పంచ్ అనే నల్లవాడు. ముగ్గురికీ ముప్పయ్యేసి కొరడా దెబ్బలు. తెల్లవాళ్ళిద్దరికీ నాలుగేళ్ళు అదనం. జాన్ పంచ్‌కు చచ్చేదాకా సేవ. తప్పు ఒకటే, పారిపోయిన దారి ఒకటే, చర్మం ఒక్కటే వేరు.

అప్పటికి వర్జీనియాలో నల్లవాళ్ళు కొద్దిమందే. 1619 ఆగస్టులో సుమారు ఇరవై మందిని దించిన దగ్గర్నుంచి మెల్లగా పెరుగుతున్నారు. తొలి రోజుల్లో నల్ల, తెల్ల కూలీలు ఒకే పాకలో పడుకున్నారు, ఒకే రోట్లో దంచుకున్నారు, కలిసి పారిపోయారు. 1676లో నథానియేల్ బేకన్ అనే దొర గవర్నరు మీద లేపిన తిరుగుబాటులో కలిసి పోరాడారు. జేమ్స్‌టౌన్ తగలబడింది. బేకన్ చనిపోయాక కూడా ఆయుధాలు దించని చివరి గుంపులో 80 మంది నల్లవాళ్ళు, 20 మంది ఇంగ్లీషు కూలీలు ఉన్నారు. దొరలకు అది పీడకల. ఇదే కాలంలో ఇంగ్లండులో కూలి రేట్లు కొంచెం మెరుగయ్యాయి, ఓడ ఎక్కేవాళ్ళు తగ్గారు, ఆఫ్రికా నుంచి బానిస ఓడలు పెరిగాయి. కూలీల చోటును బానిసలతో నింపుకున్నారు. 1705 చట్టం గీత గీసేసింది. తెల్ల క్రైస్తవ కూలీని న్యాయాధికారి ఉత్తరువు లేకుండా బట్టలూడదీసి కొట్టకూడదు, గడువు తీరిన మగవాడికి పది బుషెళ్ళ మొక్కజొన్న, ముప్పై షిల్లింగులు, ఒక తుపాకి ఇవ్వాలి. బానిసకు వీటిలో ఏదీ లేదు. పేద తెల్లవాడికి దొరికిన ఆ కాస్త గౌరవానికి వెల కట్టింది నల్లవాడు.

గడువు దాటి బతికినవాళ్ళు ఏమయ్యారు? మొదటి తరంలో కొందరు భూమి సంపాదించారు, కొద్దిమంది చట్టసభ దాకా వెళ్ళారు. ఆ కథలే దళారుల నోట ఇంగ్లండు పల్లెల్లో తిరిగాయి. మంచి భూములన్నీ పెద్దవాళ్ళ చేతికి పోయాక, పొగాకు ధర పడిపోయాక, చాలామందికి మిగిలింది ఒక సూటు బట్టలు, కొన్ని మొక్కజొన్నలు, ఒక పార. మళ్ళీ కౌలుకో కూలికో అదే దొర గుమ్మం ముందు నిలబడటం.

ఈ కాగితం 1834లో మళ్ళీ లేచింది. బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది, చెరకు తోటలకు చేతులు కావలసి వచ్చాయి. మారిషస్‌కు సుమారు నాలుగున్నర లక్షలమంది, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు లక్షా యాభై వేల పైచిలుకు, ఫిజీకి అరవై వేలమంది భారతీయులు ఇలా వెళ్ళారు. మారిషస్‌కు వెళ్ళిన తెలుగువాళ్ళు గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు అక్కడ ‘కోరంగీలు’ అయ్యారు. 1860లో మద్రాసు నుంచి నటాల్ చేరిన మొదటి ఓడ ‘ట్రూరో’. ఆ దారిన పోయినవాళ్ళలోనూ తెలుగువాళ్ళు ఎందరో. అగ్రిమెంటు అన్న మాట కూలీల నోట గిర్మిట్ అయింది. మారిషస్ తోటల్లో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. వర్జీనియా దొరలు 1643లో కనిపెట్టిన రెట్టింపు లెక్క అది, చెక్కుచెదరకుండా. ఈ పద్ధతికి మనుషుల్ని చేర్చుకోవడం 1917లో ఆగింది.

ఆగింది చట్టం. జగిత్యాల, నిజామాబాద్ నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్ళే మనవాళ్ళు ఇవాళ కూడా అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి, తమకు రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టి విమానం ఎక్కుతున్నారు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు యజమాని తీసుకుని పెట్టెలో పెడుతున్న సంఘటనలు ఎన్ని వినలేదు మనం? వాళ్ళను వర్జీనియా కూలీలతో సమానమని అనను. జీతం ఉంది, ఫోను ఉంది, రాయబార కార్యాలయం ఉంది. కానీ కాగితం ఎవరి చేతిలో ఉంటే కాలం వాడిదన్న సంగతి మారలేదు.

మీ ఇంట్లోంచి ఎవరైనా అలా బయల్దేరుతుంటే ఒక గంట కేటాయించండి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. ఒప్పందంలోని జీతం, పని గంటలు, గడువు తెలుగులో చదివించి వినండి. పాస్‌పోర్టు యజమానిది కాదు, భారత ప్రభుత్వానిదని వెళ్ళేవాడికి చెప్పండి. ఒప్పంద పత్రం రెండు ప్రతులు తీయించి, ఒకటి ఇంట్లో అమ్మ చేతికో భార్య చేతికో ఇచ్చి వెళ్ళమనండి.